తప్పంతా రబ్బరుదే

లోకంలో జరిగే తప్పులన్నిటికీ రబ్బరే కారణమని ఆ మెకానిక్ గట్టి నమ్మకం. కొందరు గ్రహాలను తిట్టుకుంటారు, కొందరు ప్రభుత్వాన్ని, కొందరు పక్కింటివాళ్లను. వాళ్లందరినీ ఆయన జాలిగా చూసేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు కార్ల కింద వెల్లకిలా పడుకుని పైకి చూసిన మనిషి. అక్కణ్ణించి చూస్తే ఇనుము నమ్మదగినది, నూనె అమాయకమైనది, మనుషులు పాపం మంచివాళ్లు. ఇక మిగిలింది రబ్బరు. అది ఎండకు సాగుతుంది, చలికి బిగుసుకుంటుంది, వయసు మీదపడితే పగులుతుంది, ఏ సంగతీ ముందుగా చెప్పదు. ఆయన అసలు పేరు షెడ్డు బోర్డు మీద ఉండేది గానీ ఆ బోర్డు చదివినవాళ్లు లేరు. పేటంతా ఆయన్ను రబ్బరు మేస్త్రి అనే పిలిచేది.

ఇంట్లో కూర మాడిందనుకోండి.

"మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ పొయ్యి సంగతే మర్చిపోయానండీ," అనేది ఆయన భార్య.

మేస్త్రి మూకుడు ఎత్తి చూసేవాడు. "దీని పిడికి రబ్బరు తొడుగు ఎవరు వేయించారు?"

"మీరే."

"అదీ సంగతి. తొడుగు లేకపోతే పిడి కాలేది. చెయ్యి చురుక్కుమనేది. నీకు పొయ్యి గుర్తొచ్చేది."

"నేను వంటింట్లోనే లేనండీ, వరండాలో ఉన్నాను."

"తొడుగు ఉందన్న ధైర్యంతోనే కదా వరండాలోకి వెళ్లావు. నీ తప్పేం లేదు," అని ఆ మాడిన కూరే మారు అడిగి వడ్డించుకునేవాడు.

షెడ్డులోనూ ఇదే వరస. ఒకాయన తన కారును తన ఇంటి గేటుకే గుద్ది, ఊడిన బంపరు చేత్తో పట్టుకుని షెడ్డు ముందు దిగాడు. పక్క సీట్లో ఆయన భార్య, మొహం కిటికీవైపు తిప్పుకుని కూర్చుంది. మేస్త్రి వంగి లోపలికి చూశాడు.

"బ్రేకు పెడల్ మీద రబ్బరు నున్నగా అరిగిపోయిందండీ. కాలు జారక ఏం చేస్తుంది?"

"నేను బ్రేకు తొక్కలేదండీ. యాక్సిలరేటర్ తొక్కాను."

"అదే కదా నేననేది. బ్రేకు రబ్బరు బాగుంటే మీ కాలు దాని మీదికే పోయేది."

గేటాయన తలెత్తి భార్యవైపు చూశాడు. ఆవిడ కిటికీ వదిలి ఇటు తిరిగింది. ఇద్దరూ కలిసి రబ్బరును నాలుగు మాటలని, బండీ బంపరూ అక్కడ వదిలేసి, మాట్లాడుకుంటూ ఇంటికి నడిచి వెళ్లారు.

రబ్బరు ముదిరిందో లేదో తేల్చుకోవడానికి ఆయన దాన్ని కొరికి చూసేవాడు. అందరూ గోటితో నొక్కి చూస్తారు, ఆయనకు గోటి మీద నమ్మకం లేదు. ఆ పరీక్షల్లో ఒక దవడపన్ను కదిలింది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కదిలేదాన్ని వదిలేసి దాని పక్కదాన్ని పీకాడు. చూసుకుని డాక్టరు మొహం పాలిపోయింది. మేస్త్రి నోట్లో దూదితోనే ఓదార్చాడట. "మీరేం చేస్తారండీ, చేతికి ఆ రబ్బరు తొడుగులు. వేలికి స్పర్శ ఎలా తెలుస్తుంది." మళ్లీ వెళ్లి అసలు పన్ను కూడా ఆయనచేతే పీకించుకున్నాడు.

ఇదంతా అల్లుడికి తలనొప్పిగా ఉండేది. అల్లుడు కూడా మెకానిక్కే. పెద్ద కంపెనీ వర్క్‌షాపులో, మెరిసే గచ్చు మీద, కంప్యూటర్లు పెట్టి బళ్లు చూసే చోట పని నేర్చుకున్నాడు. అక్కడ ప్రతి రోగానికీ ఒక నంబరు ఉండేది. ఇక్కడేమో ప్రతి రోగానికీ ఒకటే పేరు. పైగా వచ్చినవాళ్ల ముందు మావగారు రబ్బరు బుష్ ముక్క నోట్లో పెట్టుకుని కొరుకుతుంటే అల్లుడు స్పానర్లు సర్దుతున్నట్టు అటు తిరిగేవాడు.

అయితే అల్లుడు ఆ మెరిసే గచ్చు వదిలి ఈ మట్టి షెడ్డుకు ఎందుకొచ్చాడో కూడా చెప్పాలి. అక్కడ ఒకరోజు ఇంజన్ ఆయిల్ మార్చి కింది నట్టు బిగించడం మర్చిపోయాడు. ఆయిలంతా కారిపోయి ఆ బండి ఇంజన్ నడిరోడ్డు మీద పట్టేసింది. మేనేజరు నలభైమందిని వరసగా నిలబెట్టి, అల్లుణ్ణి ముందుకు పిలిచి, ఏం చేశాడో అతని నోటితోనే మూడుసార్లు చెప్పించాడు. తర్వాత ఆ నట్టు ఫోటో గోడకు అంటించి కింద అతని పేరు రాయించాడు. అల్లుడు ఆ సాయంత్రమే పని మానేసి, ఐదు నెలలు స్పానర్ పట్టకుండా ఇంట్లో కూర్చున్నాడు. భార్య బతిమాలితే చివరికి మావగారి షెడ్డుకు వచ్చాడు గానీ, వచ్చేముందు ఆమెతో ఒక మాట అన్నాడు.

"ఇంకొక్క తప్పు నా చేతిమీద జరిగిందంటే ఈ పని నాకు రాదని అర్థం. మా అన్నయ్య టైల్స్ కొట్లో కూర్చుంటాను. అప్పుడు నన్ను ఎవరూ ఆపకూడదు."

ఆమె ఆ మాట తండ్రికి చెప్పింది.

పదకొండు నెలలు గడిచాయి. అల్లుడు ప్రతి నట్టునూ మూడుసార్లు చూసేవాడు. ఇంట్లో కుళాయి కట్టేసి పడుకున్నవాడు మళ్లీ లేచి చూసి వచ్చేవాడు. షెడ్డులో పనిచేసేవాళ్లందరినీ నువ్వు అని పిలిచే మేస్త్రి, అల్లుణ్ణి మాత్రం మీరు అనేవాడు, చుట్టంలా చూసుకునేవాడు. ఆ మర్యాద చూసినప్పుడల్లా అల్లుడికి తనింకా ఇక్కడివాడు కాలేదనిపించేది.

చలికాలం వచ్చాక ఒకరోజు లైబ్రేరియన్ మేడం తన కారు తీసుకొచ్చింది. వెనక సీట్లో ఎడమవైపు వాళ్లమ్మ. ఆ పెద్దావిడకు నడుముకు ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున్న ఏడింటికి వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి కూతురు తీసుకెళుతుంది.

"అమ్మ కూర్చునే చోట బండి గట్టిగా కొడుతోందంటుందండీ. చిన్న గతుకొచ్చినా సమ్మెటతో మోదినట్టుందంటుంది. నాకు ముందు సీట్లో ఏమీ తెలియడం లేదు," అంది మేడం.

అప్పుడు పగలు పదకొండయింది. అల్లుడు వాళ్లిద్దరినీ షెడ్డులో కూర్చోబెట్టి, బండి తీసుకుని వీధులన్నీ తిరిగి, ఉన్న ప్రతి గతుకూ ఎక్కించి దించి వచ్చాడు. వెనక మూలలు రెండూ చేత్తో అదిమి చూశాడు. బండి మెత్తగా ఉంది.

"బండిలో ఏం లేదండీ," అన్నాడు.

మేడం నిట్టూర్చింది. "అంటే నడుములోనే ఉందన్నమాట. డాక్టరు కూడా వయసు అంటున్నారు."

"నా వయసు పొద్దున్న ఏడింటికొకటి, పదకొండింటికొకటీనా?" అంది పెద్దావిడ వెనకనుంచి. "ఈ బండి పదకొండింటికి బాగానే ఉంటుంది. పొద్దున్నే కొడుతుంది. పోయిన నెల మీ షెడ్డులో పని చేయించినప్పట్నుంచే ఇలా ఉంది. రాసిపెట్టుకో."

అల్లుడు బండివైపు మళ్లీ చూశాడు. పోయిన నెల ఆ బండికి వెనక ఎడమ చక్రం దగ్గర పాత బుష్ తీసి కొత్తది వేసింది అతనే.

మేస్త్రి అంతదాకా ఏదో గొట్టం ముక్క కొరుకుతున్నాడు. పొద్దున్నే అన్న మాట వినగానే దాన్ని నోట్లోంచి తీశాడు.

"చలికి బిగుసుకునేది లోకంలో ఒకటే ఉంది అమ్మగారూ."

"ఏమిటది?"

"రబ్బరు."

"మావయ్యా, చలికి షాక్ అబ్జార్బర్లో నూనె కూడా చిక్కబడుతుంది," అన్నాడు అల్లుడు.

"నూనెకు అలాంటి బుద్ధులు ఉండవు అల్లుడుగారూ. సరే, మీరంటున్నారు కాబట్టి దాన్నీ చూద్దాం. అన్నీ చూద్దాం. కానీ షెడ్డుకు వచ్చిన బండిలో ఏం చూస్తాం? వచ్చేలోపే అది వేడెక్కి బుద్ధిమంతురాలైపోతుంది. మేడం, బండి రాత్రంతా మీ ఇంటి బయటే ఉండనివ్వండి. పొద్దున్న మేము వచ్చేదాకా తాళం కూడా తిప్పొద్దు."

మర్నాడు ఆరుంపావుకు ఇద్దరూ లైబ్రేరియన్ ఇంటి ముందున్నారు. కారు అద్దాల మీద మంచు పేరుకుని ఉంది. పెద్దావిడ శాలువా కప్పుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. మేస్త్రి ఆవిడ ముందు నిలబడి, "మీ చోటు కాసేపు నాకివ్వాలి అమ్మగారూ," అని అనుమతి అడిగి, చెప్పులు విప్పి, వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చూసేవాళ్లకు పెళ్లికొడుకును ఊరేగిస్తున్నట్టుంది. అల్లుడు తల వంచుకుని బండి తీశాడు.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర మేస్త్రి తలమీది ఉన్ని టోపీ ఎగిరి అల్లుడి ఒళ్లో పడింది.

"దెబ్బ తగిలిందా మావయ్యా?"

"నాకు కాదు, రబ్బరు పరువుకు తగిలింది. పోనివ్వండి."

అలా పది చుట్లు తిప్పించాడు. మొదటి మూడు చుట్లూ ఎడమ మూల దబదబా కొట్టింది. ఏడో చుట్టుకు తగ్గింది. పదో చుట్టుకు పూర్తిగా మెత్తబడింది. గుమ్మంలో పెద్దావిడ వేళ్ల మీద చుట్లు లెక్కపెడుతూ కూర్చుంది. బండి ఆగగానే, "ఏమైంది?" అని అడిగింది.

"మీ నడుము నిజమే చెప్పింది అమ్మగారూ. బండిలోనే ఉంది."

ఆవిడ కూతురివైపు ఒక చూపు చూసింది. మేడం గబగబా టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ రోజు టైర్లలో గాలి చూశారు. చలికి గాలి తగ్గి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగితే, మేడం కంగారుపడి బంకులో నాలుగు టైర్లకూ కొండంత గాలి కొట్టించింది. అల్లుడు దాన్ని సరిగ్గా ఎంతుండాలో అంతకు దించాడు. మర్నాడు పొద్దున్న కాస్త నయం, కానీ ఎడమ మూల ఇంకా కొడుతోంది. టోపీ మాత్రం ఎగరలేదు, పక్కకు జారింది.

రెండో రోజు ఎడమ షాక్ అబ్జార్బర్ తీసి కుడివైపు, కుడివైపుది ఎడమవైపు బిగించారు. దెబ్బ దానితోపాటు అటు పోతే దోషం దానిదని తేలుతుంది. మూడో పొద్దున్న మేస్త్రి మళ్లీ కళ్లు మూసుకుని ఊరేగాడు. దెబ్బ ఎడమవైపే ఉంది.

గాలి కాదు, నూనె కాదు. ఇక మిగిలిందేమిటో అల్లుడికి తెలుసు. బండి మేడం ఇంటి ముందు ఆపాడు.

"అల్లుడుగారూ, మీ దగ్గర టేపు ఉంటుంది కదా," అన్నాడు మేస్త్రి బండి దిగుతూ. "వెనక చక్రం మధ్యనుంచి పైన బండి రేకు అంచు దాకా ఎంతుందో రెండువైపులా ఒకసారి కొలిచి పెట్టండి. నేను అమ్మగారితో టీ తాగి వస్తాను."

అల్లుడు మంచుతో తడిసిన రోడ్డు మీద మోకాళ్లు ఆనించి కూర్చుని కొలిచాడు. కుడివైపుకన్నా ఎడమవైపు వేలెడు మందం ఎత్తుగా ఉంది. మళ్లీ కొలిచాడు. మూడోసారి కొలిచాడు. అంతే ఉంది.

బుష్ అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు దిండు. బండి బరువు చక్రం మీద పడి నిలబడినప్పుడు ఆ బోల్టు బిగిస్తే దిండు సుఖంగా ఉంటుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే దిండు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. వెచ్చగా ఉన్నప్పుడు ఎలాగో ఓర్చుకుంటుంది. చలి పెట్టగానే కర్రలా బిగుసుకుని గతుకునంతా సీటుకు పంపిస్తుంది. ఇది మెకానిక్కులకు మొదటి ఏడాదే నేర్పుతారు. ఆ రోజు అల్లుడు బండిని పైకెత్తి, బిగుతు కొలిచే రెంచితో ఆ బోల్టును మూడుసార్లు చూశాడు. బిగుతు మూడుసార్లూ సరిగ్గా ఉంది. చక్రం నేలమీద ఉందో లేదో మాత్రం ఒక్కసారీ చూడలేదు.

అతను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. టైల్స్ కొట్టు కళ్లముందు కనిపించింది. అన్నయ్య పక్కన కుర్చీ, గోడనిండా పలకలు. ఎవరి నడుమూ నొప్పిపెట్టదు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆ బండిలోనే ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. కింద నిలబడి పనిచేసే గుంట మీదికి దాన్ని ఎక్కించి, చక్రాల కింద చెక్కలు పెట్టి, బండి బరువు చక్రాల మీదే ఉండగా అల్లుడు కిందికి దిగి ఆ బోల్టు వదులు చేశాడు. లోపల టక్కుమని చప్పుడై, ఎడమవైపు బండి వేలెడు కిందికి దిగింది. పైనుంచి మేస్త్రి వంగి చూశాడు.

"చూశారా? ఎంత పట్టుదలో దానికి. చలికాలమొస్తే రబ్బరును అస్సలు నమ్మకూడదు."

"మావయ్యా, అది నేను బిగించాను. చక్రం వేలాడుతుండగా."

"బిగిస్తే బిగించారు. అది ఒక్క మాట చెప్పొచ్చుగా, నన్ను నేలమీద పెట్టి బిగించమని. నెలరోజులు నోరు మూసుకుని కూర్చుంది. తప్పంతా దానిదే."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

మేస్త్రి పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మొదటి గతుకు దగ్గర."

"మరి మూడు పొద్దున్నలు అలా ఎందుకు తిరిగాం?"

"మీరు నూనె అన్నారు కదా. అల్లుడి మాట కాదంటానా?" అని ఆయన లోపలికెళ్లి కొత్త బుష్ తెచ్చి చేతికిచ్చాడు.

అల్లుడు గుంటలో నిలబడి ఆ బుష్ వైపు చూస్తూ ఉండిపోయాడు. మూకుడు పిడి, పెడల్, పళ్ల డాక్టరు వేళ్లు, ఒకటొకటే గుర్తుకొచ్చాయి. ఎక్కడ ఒక మనిషి తప్పుచేసి తల ఎత్తలేక నిలబడ్డాడో అక్కడల్లా ఈయన రబ్బరును పిలిచి ఆ మనిషిని పక్కకు తప్పించాడు. నలభైమంది ముందు నిలబడిన రోజు ఇలాంటివాడు ఒక్కడు ఉంటే బాగుండేదనిపించింది. పాత బుష్ పారేసి, కొత్తది వేసి, బండి నేలమీద ఉండగా బిగించాడు. నాలుగుసార్లు చూశాడు.

నాలుగో పొద్దున్న మేస్త్రి తన చోటు పెద్దావిడకు తిరిగి అప్పగించి, ఆమె పక్కన కూర్చున్నాడు. మేడం ముందు సీట్లో. అల్లుడు బండి తీశాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చింది, పోయింది. రెండోది వచ్చింది, పోయింది.

"ఇంకోసారి పోనీ," అంది పెద్దావిడ.

వెనక్కి తిప్పి మళ్లీ పోనిచ్చాడు.

"ఇప్పుడు చెప్పు మేస్త్రీ. ఏమిటి దీని రోగం?"

"ఏముందమ్మగారూ, రబ్బరు. చలికి అది..."

"కాదమ్మా," అన్నాడు అల్లుడు. బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగే ధైర్యం లేక ఎదురుగా రోడ్డునే చూస్తూ చెప్పాడు. "పోయిన నెల ఆ పని చేసింది నేను. బండి కిందికి దించకుండానే బోల్టు బిగించాను. అలా బిగించకూడదు. అది నాకు తెలుసు, అయినా చూసుకోలేదు. నా తప్పువల్ల మీరు నెలరోజులు బాధపడ్డారు."

అద్దంలోంచి చూస్తే మావగారు కిటికీలోంచి ఎవరిదో గోడను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"నెలరోజులుగా మా అమ్మాయి నా నడుముదే తప్పంటోంది," అంది పెద్దావిడ. "డాక్టరు నా వయసుదన్నాడు. ఈయన రబ్బరుదంటున్నాడు. తప్పు నాది అన్నవాడివి నువ్వొక్కడివే బాబూ. ఇకమీద ఈ బండికి ఏమొచ్చినా నువ్వే చూడు. సరేగానీ బండి ఆపావేం? ఆ మలుపు దగ్గర ఇంకో పెద్ద గతుకుంది, దాని మీంచి కూడా పోనీ."

వాళ్లను దింపేసి షెడ్డుకు నడిచి వచ్చేటప్పుడు మేస్త్రి అల్లుడికన్నా నాలుగడుగులు ముందు నడిచాడు. లోపలికి రాగానే తలుపు దగ్గర ఆగి, టోపీ తీసి మేకుకు తగిలించి, అల్లుడివైపు తిరిగాడు.

"చక్రం గాలిలో ఉండగా బోల్టు ఎలా బిగించావయ్యా నువ్వు?"

ఆ తర్వాత మొదలుపెట్టి ఆపలేదు. బండి నిలబడే ఎత్తు చూడకుండా రెంచి పట్టినవాడు మెకానిక్కా అన్నాడు. మూడుసార్లు చూసేది నట్టునా లేక నీ భయాన్నా అన్నాడు. భయం చూసుకుంటూ కూర్చుంటే బండిని ఎవరు చూస్తారన్నాడు. పెద్దావిడ నడుము గురించి అన్నాడు, కంపెనీ వర్క్‌షాపు గచ్చు గురించి అన్నాడు, ముప్పై ఎనిమిదేళ్లలో ఎవరినీ అనని మాటలన్నీ కలిపి అన్నాడు. మధ్యలో ఆయన భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈయన ఒక మనిషిని తప్పుపట్టగా ఆవిడ వినడం అదే మొదలు.

"ఏమండీ, అల్లుడండీ," అంది కంగారుగా.

"తెలుసు. అందుకే చెప్తున్నాను."

"పోనీలెండి, ఆ రబ్బరు..."

"రబ్బరుకేం తెలుసు పాపం," అన్నాడు మేస్త్రి. "బిగించేవాడు చూసుకోవాలి."

ఆవిడ క్యారియర్ బల్లమీద పెట్టి అల్లుడి మొహంలోకి చూసింది. ఎక్కడ నొచ్చుకున్నాడోనని భయపడింది. అల్లుడు మాత్రం చేతులు కట్టుకుని, ఒక్క మాటా పోనివ్వకుండా వింటున్నాడు. నవ్వు రాకుండా పెదవి బిగబట్టుకోవాల్సొస్తోంది. అన్ని తిట్లలోనూ పని మానెయ్యమన్న మాట ఎక్కడా లేదు. తప్పు మొయ్యగలిగిన మనిషినే ఈయన తిడతాడని అతనికి అర్థమైంది. పైగా మధ్యమధ్యలో రేపు పొద్దున్న ఏ బండి ముందు గుంట మీదికి ఎక్కించాలో, ఏ స్పానర్ కొత్తది కొనాలో, వచ్చే వారం ఎవరి బండి కోసం ఎన్నింటికి లేవాలో కూడా వస్తున్నాయి. అల్లుడు జేబులోంచి చీటీ తీసి అవన్నీ వరసగా రాసుకున్నాడు.